మూడు మాత్రల ఏడుపు

మా పెగడపల్లిలో ఆడపిల్ల మాట కాస్త సాగి వస్తే చాలు, ఎవరో ఒకరు "రాగాలు దియ్యకు" అంటారు. అన్నం తిననని మారాం చేసే పిల్లను అంటారు. అత్తగారింటి నుంచి వచ్చి తల్లి దగ్గర బాధ చెప్పుకునే కూతుర్ని అంటారు. పెద్దమనుషుల ముందు నోరు విప్పిన భార్యనైతే తప్పకుండా అంటారు. రాగం అనే మాటకు సంగీతంలో ఉన్న గౌరవమంతా ఈ రెండు ముక్కల్లో ఎక్కడికి పోతుందోనని నాకెప్పుడూ ఆశ్చర్యమే. కచేరీలో తీస్తే విద్వత్తు, వాకిట్లో ఆడది తీస్తే నటన!

పీహెచ్‌డీ చేసే రోజుల్లో కోస్తాలో ఒక సెమినార్‌కు వెళ్ళాను. నేను పత్రం చదివి దిగాక ఒక పెద్దాయన ఆప్యాయంగా దగ్గరికొచ్చి, "మీ తెలంగాణ యాస వింటుంటే పాట విన్నట్టే ఉంటుందమ్మా" అన్నారు. పత్రంలో ఏముందో మాత్రం ఆయన ప్రస్తావించలేదు. ఆ మాటలో నిజంగానే ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆయన మెప్పూ మా ఊరి మందలింపూ చేసే పని ఒకటే. రెండూ మాటలోంచి స్వరాన్ని వేరుచేసి పైకెత్తి చూపిస్తాయి. అర్థం కిందనే ఉండిపోతుంది.

స్వరం లేని మాట ఏ మనిషికీ లేదు. ఆ పెద్దాయన వాక్యం చివర గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో నాకు స్పష్టంగా వినిపించింది. అది ఆయనకు వినిపించదు, ఎందుకంటే పుస్తకాలూ రేడియో వార్తలూ సినిమా కథానాయకులూ ఆయనలా మాట్లాడి దాన్ని మామూలు చేశారు. మన సినిమాల్లో మా మాట ఏళ్ళ తరబడి హాస్యగాడి నోట్లోనో రౌడీ నోట్లోనో మాత్రమే ఉండేది. కాబట్టి మాటలోని సంగీతం మాట్లాడేవాళ్ళ గొంతులో ఎంత ఉంటుందో, వినేవాళ్ళు నిలబడ్డ చోట కూడా అంతే ఉంటుంది. ఎవరి మాటను మాటగా వింటాం, ఎవరి మాటను పాటగా వింటాం అన్నది చెవికి సంబంధించిన విషయంగా కనిపిస్తుంది గానీ, అసలుకది న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

దీన్ని నేను శోకం దగ్గర పెట్టి ఆలోచించాలనుకుంటున్నాను. శోకమంటే దుఃఖమనే అర్థంలో కాదు. చావింట్లో ఆడవాళ్ళు రాగం మీద, మాటలు కట్టి ఏడ్చే ఏడుపుకు మా వైపు ఉన్న పేరది. "శోకం వెట్టింది" అంటారు. ఊరి పొలిమేర దాటగానే కూతురు శోకం అందుకుంటుంది. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు ఎదురొచ్చి మెడలమీద పడి, ఎవరి శోకం వాళ్ళు కలుపుతారు. నేను విన్నంతలో ఆ రాగం మూడు నాలుగు స్వరాలను దాటదు. పైన మొదలై మెట్టుమెట్టుగా కిందికి దిగుతుంది. పాదం చివర ఒక పిలుపు ఉంటుంది: కొడుకా, అవ్వా, బాపూ, తోడబుట్టినోడా. ఆ పిలుపు మీద అచ్చు సాగి, సాగి, ఊపిరి తెగి ఎక్కిళ్ళలోకి పోతుంది. మళ్ళీ పైనుంచి మొదలు.

ఇది పాటా, మాటా? జానపద సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ముందు పుస్తకాల వైపే చూశాను. 1950లలో బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయం మీద పరిశోధన చేసి దానికి విశ్వవిద్యాలయంలో చోటు సంపాదించారు. నాయని కృష్ణకుమారి గారు గేయగాథల మీద పనిచేశారు. వాళ్ళు వేసిన బాట మీదే నాలాంటివాళ్ళం నడిచాం. అయితే 'గేయం' అనే పెట్టెలో శోకం సరిగ్గా ఇమడదు. బతుకమ్మ పాటకు చప్పట్ల లయ ఉంది, 'ఉయ్యాలో' అనే ఊతం ఉంది, పదిమంది కలిసి అందుకోవడానికి కట్టిన వరుస ఉంది. శోకంలో ఎవరి కాలం వాళ్ళదే. రెండోసారి పాడమంటే పాడరు. చావులేని ఇంట్లో శోకం పెడితే కీడని మా పెద్దవాళ్ళ నమ్మకం, అందుకే నేనెవర్నీ అడగలేదు. చావింట్లో టేప్‌రికార్డర్ ఆన్ చేయడం నాకు చేతకాలేదు, చేయకూడదని కూడా అనుకున్నాను. విన్నది ఆ రాత్రి గుర్తున్నంత మేరకు రాసుకునేదాన్ని. నా దగ్గరున్న 'డేటా' అంతా ఇదే.

నాకు దారి చూపించింది జానపద గ్రంథాలు కాదు, వ్యాకరణం. హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు అని మనం చిన్నప్పుడు చదివాం. మూడోది ఒకటుంది, ప్లుతం, మూడు మాత్రల అచ్చు. అది ఎక్కడెక్కడ వస్తుందో పాత పండితులు చెప్పారు: దూరాన ఉన్నవాళ్ళను పిలిచేటప్పుడు, పాడేటప్పుడు, ఏడ్చేటప్పుడు. ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. "కొడుకా" అని మా ఊరి తల్లి సాగదీసినప్పుడు ఆ మూడూ ఒకేసారి జరుగుతున్నాయి కదా! ఇక తిరిగిరానంత దూరం పోయినవాణ్ణి పిలుస్తోంది, పాడుతోంది, ఏడుస్తోంది. ఏది ఎక్కడ ముగిసి ఏది మొదలవుతుందో ఆమెకే తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఇంకో సంగతి. మన ఛందస్సు లఘువు గురువులతో సరిపెట్టుకుంది, ప్లుతానికి అందులో గుర్తు లేదు. తాళశాస్త్రంలో మాత్రం తాళానికి చెప్పిన ఆరంగాల్లో ప్లుతం ఒకటి. అంటే కవిత్వం లెక్కలోంచి జారిపోయిన ఆ మూడో మాత్రను సంగీతం లెక్కలో ఉంచుకుంది. శోకం సాహిత్య విమర్శకు ఎందుకు చిక్కలేదో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది. గణాలు కట్టడానికి పనికిరాని సాగదీత మీదే అది నిలబడి ఉంది.

సరే, అందులో మాటలేముంటాయి? చనిపోయినవాళ్ళ గుణగణాలుంటాయని బయటివాళ్ళు అనుకుంటారు. ఉంటాయి. కానీ నేను విన్న శోకాల్లో ఎక్కువగా ఉండేది లెక్క. పెగడపల్లి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల - ఈ చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు అరుదు. మగవాళ్ళు దుబాయ్, మస్కట్ పోతే ఇంటి దగ్గర ఆడవాళ్ళు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చేస్తూ అప్పు మిత్తి కడుతుంటారు. అక్కడ చనిపోయినవాళ్ళు వెంటనే రారు. ఫోనొచ్చిన రోజు ఒకసారి శోకం. కాగితాల పనులన్నీ తీరి, శంషాబాద్ నుంచి అంబులెన్స్‌లో పెట్టె వచ్చిన రోజు మళ్ళీ శోకం. మా వాడకట్టులో ఒకామె, నేను అక్కా అని పిలిచే మనిషి, భర్త పెట్టె దిగినప్పుడు పెట్టిన శోకం నాకు బాగా గుర్తుంది. వీసాకు ఎంత అప్పు తెచ్చారో అందులో ఉంది. ఎవరి దగ్గర తెచ్చారో, ఎన్ని రూపాయల మిత్తికో ఉంది. ఏజెంటు చెప్పిన పని ఏమిటో, అక్కడికెళ్ళాక చేయించిన పని ఏమిటో ఉంది. చివరి ఫోన్లో ఆయన గుండెలో నొప్పి అన్న మాటా, సెలవడిగితే ఇవ్వలేదన్న మాటా ఉన్నాయి. ఒక పోలీసు అధికారి పక్కన కూర్చుని రాసుకుని ఉంటే ఫిర్యాదుకు కావలసినవన్నీ ఉన్నాయి. ఎవరూ రాసుకోలేదు. "పాపం, రాగాలు దీసి ఏడుస్తుంది, మంచినీళ్ళియ్యుండ్రి" అన్నారు.

స్త్రీల మాటను చరిత్రకు సాక్ష్యంగా నిలబెట్టిన పని మనలో జరిగింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనందరి చేతుల్లో నలిగిన పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళు చెప్పుకున్న మాటలను చరిత్ర అనడానికి అప్పుడెంత సాహసం కావాల్సొచ్చిందో ఇప్పుడు ఊహించలేం. అయితే అది కూర్చుని, అడిగితే, చెప్పిన మాట. రాగం మీద వచ్చిన మాటను సాక్ష్యమనడానికి మనం ఇంకా సిద్ధంగా లేము. ఎందుకని?

దానికొచ్చే మొదటి జవాబు, అది నిజమైన ఏడుపు కాదన్న అనుమానం. నిజంగా గుండె పగిలినదానికి రాగం ఎట్లా కుదురుతుంది, మాటలెట్లా దొరుకుతాయి అని. శోకం మధ్యలో ఆగి "పొయ్యి మీద పాలు జూడు బిడ్డా" అని, మళ్ళీ అదే శ్రుతిలో అందుకునే పెద్దవ్వలను చూసి పట్నం నుంచొచ్చిన బంధువులు నవ్వుకోవడం నాకు తెలుసు. ఆ పాలు పొంగిపోతే ఆ పూట పిల్లలకు తాగడానికి ఏమీ ఉండదన్నది వాళ్ళకు తట్టదు. దుఃఖానికి విరామం దొరికేది మరొకరు పొయ్యి చూసుకునే ఇళ్ళలోనే.

ఇదే పని మగవాళ్ళు ప్రదర్శనలో చేస్తే మనకు అనుమానం రాదు. సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేట సినారె పుట్టిన ఊరని చాలామందికి తెలుసు. 2010లో మరణించిన ఒగ్గు కథకుడు మిద్దె రాములు గారిదీ ఆ ఊరే. ఒగ్గు కథలో డోలు ఆగుతుంది, కథకుడు కొంగులా కండువా కప్పుకుని బిడ్డను పోగొట్టుకున్న తల్లి అవుతాడు, మా అమ్మమ్మలు పెట్టే శోకాన్నే అందుకుంటాడు. జనం కళ్ళు తుడుచుకుంటుంటారు. మరో నిమిషానికి అతనే పక్కవాద్యం మనిషితో మోటు హాస్యమాడతాడు. అతని ఏడుపు అబద్ధమని ఎవరూ అనరు, గొప్ప కళాకారుడంటారు. గొప్పవాడే. మా బాపు దగ్గర బలిజేపల్లి వారి సత్యహరిశ్చంద్ర నాటకం క్యాసెట్లుండేవి. కాటి సీనులో జాషువా గారి శ్మశానవాటి పద్యాలకు నటుడు హార్మోనియం మీద రాగం తీస్తుంటే జనం వన్స్‌మోర్‌లు కొట్టడం అందులో వినిపించేది. కొడుకు శవం ముందు చంద్రమతి రాగం తీస్తే అది కరుణరసం. అవే క్యాసెట్లు విని కళ్ళు చెమర్చిన మా బాపే, ఇంట్లో చావు జరిగితే "ఇగ సాలు, ఆ రాగాలు బందు వెట్టుండ్రి" అని కసిరేవాడు. చంద్రమతికి టికెట్ ఉంది, పద్యం రాసిన కవి ఉన్నాడు, ఆమె ఏడుపు ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసు. ఇంట్లో ఏడ్చే ఆడది ఎక్కడ ఆగుతుందో, ఎవరి పేరెత్తుతుందో తెలియదు. భయమంతా అక్కడే.

ఈ భయం చాలా పాతది. క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దంలో ఏథెన్స్‌లో సోలోన్ చేసిన చట్టాలు చావుల దగ్గర ఆడవాళ్ళ ఏడుపు మీద ఆంక్షలు పెట్టాయి. రక్కుకోకూడదు, కట్టిన శోకాలు పాడకూడదు. ఆదర్శ రాజ్యంలో ఏడుపు రాగాలకు చోటు లేదన్నాడు ప్లేటో, మంచి ఆడవాళ్ళకు కూడా అవి పనికిరావని చేర్చాడు. ఏడుపు నిజం కాదనుకుంటే చట్టం దాకా పోయేవాళ్ళా? పపువా న్యూగినీలో కలులి జనం మధ్య ఉండి స్టీవెన్ ఫెల్డ్ 1982లో ప్రచురించిన పుస్తకం చదివినప్పుడు నాకు భలే సంతోషమనిపించింది. అక్కడ చావు దగ్గర బిగ్గరగా, అదుపు లేకుండా ఏడ్చేది మగవాళ్ళట. నిలకడగా, మాటలు కూర్చి, రాగంలో ఏడ్చేది ఆడవాళ్ళు. ఆడది దుఃఖంలో అదుపు తప్పుతుందని నమ్మే మనకు, శోకంలో కనిపించే అదుపే నేరంగా తోస్తోందన్నమాట.

మన ఆదికావ్యం దగ్గరికే వద్దాం. క్రౌంచ పక్షిని బోయవాడు కొట్టాడు. వాల్మీకి శోకం శ్లోకమైంది. ఇంతవరకు అందరం చదువుకున్నాం. ఆ సర్గలో మరో వాక్యముంది, నేలమీద కొట్టుకుంటున్న జోడును చూసి ఆడపక్షి దీనంగా అరిచిందని. మొదట గొంతెత్తింది ఆమె. వాల్మీకి అది విన్నాడు. తన నోటి నుంచి వచ్చింది విని తానే ఆశ్చర్యపోయి, ఇది పాదాలుగా కుదిరింది, వీణకూ లయకూ ఒదుగుతుంది అని శిష్యుడికి చెప్పాడు. అంటే శోకంలో సంగీతం ఉండటం అబద్ధానికి గుర్తని ఆయన అనుకోలేదు. అదొక వరం అనుకున్నాడు. ఆ ఆడపక్షి అరుపుకు మాత్రం మన కావ్యశాస్త్రంలో పేరేమీ లేదు.

ఇక నా ఇంటి సంగతి. మా తాత పోయినప్పుడు మేనత్త పెట్టిన శోకంలో కాలువ కింది ఎకరం ఉంది. పెళ్ళినాడు పసుపు కుంకుమ కింద ఇస్తానని తాత నలుగురిలో అన్న మాట ఉంది, కాగితం మీదికి రాని మాట. "బాపూ" అని తాతను పిలుస్తూ, ఆ ఎకరంలో ఎన్ని పసుపు పంటలు తీశారో, ఒక్క బుట్టెడు పసుపు కూడా తన ఇంటికి రాలేదని లెక్క చెప్పింది. అన్నదమ్ములు తలలు వంచుకుని నిలబడ్డారు. పదకొండో రోజు తర్వాత పెద్దమనుషులు కూర్చున్నప్పుడు ఎవరో ఆ మాట ఎత్తితే, "అది ఏడుపుల అన్న మాట, దాన్ని పట్టుకుంటరా" అన్నారు. చట్టం ఆమె వైపే ఉంది. తండ్రి స్వార్జితంలో కూతురికి సమాన వాటా 1956 నుంచే ఉంది. ఉమ్మడి ఆస్తిలో 1985లో ఆంధ్రప్రదేశ్ సవరణ అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఇచ్చింది, 2005లో దేశమంతా కూతుళ్ళందరికీ వచ్చింది. మేనత్త ఏ కోర్టుకూ పోలేదు.

కొన్నాళ్ళకు ఇద్దరం వాకిట్లో కూర్చున్నప్పుడు అడిగాను. "అత్తా, గా భూమి ముచ్చట సక్కగ మాటగనే అడగచ్చు గదా?"

చాటలోంచి తల ఎత్తకుండానే అంది, "మాట లెక్క అంటె పంచాది అయితది బిడ్డా. శోకంల అంటె ఎవడు నోరు మూయిస్తడు? నేను మా బాపుతోని మాట్లాడిన. ఇన్నోళ్ళు ఇన్నరు."

ఆ జవాబుతో నా ఆలోచన తలకిందులైంది. శోకంలోంచి రాగం తీసేసి, లోపలున్న వాస్తవాలను బయటికి లాగితే చాలు, న్యాయం జరుగుతుందని నేను అనుకుంటూ ఉన్నాను. కానీ రాగం ఆ వాస్తవాల మీద కప్పిన గుడ్డ కాదు. ఆ మాట ఎవరితో అంటున్నదో చెప్పేదే రాగం. మేనత్త అన్నదమ్ములను నిందించలేదు. మూడు మాత్రల పిలుపుతో చనిపోయిన తండ్రితో మాట్లాడింది. అన్నదమ్ములు పక్కనుండి విన్నారు. రాగం తీసేసి రాస్తే అదే వాక్యం అన్నల మీద ఫిర్యాదు అవుతుంది. ఆమె చేయని పనిని ఆమెకు అంటగట్టినట్టవుతుంది. అలాగని రాగమే చూస్తే, ఎకరం మాయమవుతుంది. రాగం ఆమెకు నోరిచ్చింది, రాగమే ఆ మాటను లెక్కలోంచి తీసేసే సాకూ ఇచ్చింది. ఈ రెంటినీ కలిపి వినగలిగే చెవి పంచాయితీలో లేదు, కోర్టులో లేదు. విశ్వవిద్యాలయంలో ఉందని కూడా నేను గట్టిగా అనలేను.

శోకాన్ని ప్రతిఘటన అని పేరుపెట్టి సంబరపడటం నాకిష్టం లేదు. ఎకరం రాలేదు. నోరు మూయించరన్న ధీమా చావింటి వాకిలి వరకే. పైగా శబ్దం ఎవరిదన్నది కులాన్ని బట్టి కూడా ఉంటుంది. శవం ముందు డప్పు కొట్టడం మాదిగల మీద మోపిన వెట్టిగా ఉన్నంతకాలం ఆ డప్పును ఎవరూ సంగీతమనలేదు. 1994లో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును సభల ముందుకు తెచ్చాక వినే చెవులు మారాయి. డప్పు మారలేదు. ఆడవాళ్ళ శోకానికి అలాంటి రోజు వస్తుందనుకోను. ఎందుకంటే అది మా కళ్ళముందే పోతోంది. ఇప్పుడు ఫ్రీజర్ బాక్స్ పక్కన స్పీకర్లో భజన పాటలు మోగుతుంటాయి. సెలవు దొరకని కొడుకు కోసం ఎవరో ఫోన్ పట్టుకుని వీడియో కాల్ చూపిస్తుంటారు. ముసలమ్మలు ఇద్దరు ముగ్గురు ఆ ఫోన్ వైపు తిరిగి శోకం అందుకుంటారు, దూరాన ఉన్నవాణ్ణి పిలిచేందుకే కదా మూడో మాత్ర. నా వయసువాళ్ళం కర్చీఫ్ అడ్డుపెట్టుకుని నిశ్శబ్దంగా ఏడుస్తాం. నాకు శోకం పెట్టడం రాదు. "సదువుకున్నదానికి ఏడుపు గూడ రాదా" అని ఒక పెద్దవ్వ అడిగింది. కన్నీళ్ళు వస్తాయి. అవ్వ పోయిన రోజున అవ్వతో అనాల్సిన మాటలు చాలా ఉన్నాయి, వాటిని ఎత్తుకోవడానికి శ్రుతి లేదు.

చేయగలిగింది రాయడమే కాబట్టి రాస్తున్నాను. సంస్కృత గ్రంథాల అచ్చులో ప్లుతం ఉన్నచోట అచ్చు పక్కన 3 అంకె వేస్తారు. నేను విన్న శోకాలను రాసినప్పుడు అదే గుర్తు పెట్టాను: బాపూ3, కొడుకా3. ఆ మధ్య ఒక పత్రికకు పంపితే ప్రూఫ్‌లో అంకెలన్నీ మాయమయ్యాయి. ఫుట్‌నోట్ నంబర్లు పొరపాటున మిగిలాయనుకుని డీటీపీ చేసినవాళ్ళు శ్రద్ధగా తీసేశారు. నలభై రెండు ఉన్నాయి. ఎర్రసిరా పెన్నుతో ఒక్కొక్కటీ మళ్ళీ వేసి పంపాను.